బరువెక్కిన కొంగ

"మీ కొంగ బరువెక్కింది."

వర్క్‌షాపు గుమ్మంలో నిలబడి ఆమె అతనితో అన్న మొదటి మాట అది. లోపల బల్ల దగ్గర కోతి బొమ్మకి తోక అతికిస్తున్న అతను తలెత్తలేదు.

"కొంగలు బరువెక్కవండీ. చెక్కవైతే అసలే ఎక్కవు. వాటికి ఆకలుండదు."

"నాకు జోకులొద్దు. నిన్నటికంటే ఇవాళ బరువుంది."

"నిన్న మీరేం తిన్నారు?"

"నేనా?"

"ఇవాళ తక్కువ తిన్నారేమోనని."

ఆమెకి ఒళ్లు మండిపోయింది. ఎడమచేత్తో పట్టుకొచ్చిన కొంగని బల్ల మీద టప్పున పెట్టింది. పొడుగు మెడ, సన్నటి ముక్కు, కింద పట్టుకోవడానికి కర్ర. అతను తోక వదిలేసి, జిగురు పొడి తూచుకునే కాటా తీసి, కొంగని దాని మీద జాగ్రత్తగా పడుకోబెట్టాడు.

"తొమ్మిది వందల ఎనభై గ్రాములు. చేసిన రోజూ ఇంతే. కావాలంటే దానిచేత ప్రమాణం చేయిస్తా."

"అంటే నేను అబద్ధమాడుతున్నానా?"

అతను అప్పుడు తలెత్తి చూశాడు. కనుబొమల మీద చెక్కపొట్టు ఉంది. ఆ చూపులో వెక్కిరింత లేదు, నిజంగా అర్థంకాని మనిషి చూపు అది. ఆమె గబుక్కున తల తిప్పేసుకుంది.

అది పిల్లల బొమ్మలాటల థియేటర్. నూట ఇరవై కుర్చీలు, ఒక చిన్న స్టేజీ, దానికి అడ్డంగా మనిషి తల కంటే జానెడు ఎత్తున్న నల్లటి తెర. ఆడించేవాళ్లు తెర వెనక నిలబడి, చేతులు పైకెత్తి, బొమ్మల్ని తెర పైఅంచు మీద నడిపిస్తారు. చూసేవాళ్లకి బొమ్మలే కనిపిస్తాయి. ఆడించేవాళ్లకి మాత్రం తమ మోచేతులూ పక్కవాళ్ల చంకలూ తప్ప ఏమీ కనిపించవు.

ఏడేళ్లుగా ఏ నాటకంలోనైనా కొంగ ఆమెదే. అందుకని థియేటర్లో అందరికీ ఆమె కొంగమ్మ. అతనొచ్చి నాలుగు నెలలైంది. పాత కొంగ అరిగిపోతే కొత్త నాటకానికి కొత్త కొంగని చెక్కింది అతనే. పొద్దస్తమానం చెక్కని టకటకా పొడుస్తూ ఉంటాడని వడ్రంగిపిట్ట అన్నారు. వారం తిరక్కుండా అది ఒట్టి పిట్టయింది.

"సరే, మీరు బరువంటే బరువే. పొట్ట కాస్త తొలుస్తా. రేపటికిస్తా" అన్నాడు పిట్ట.

ఆమె థాంక్స్ కూడా చెప్పకుండా వచ్చేసింది. వరండాలోకి రాగానే గోడకి ఆనుకుని, కుడి భుజాన్ని ఎడమచేత్తో అదిమి పట్టుకుంది. 

ఎందుకంటే కొంగ బరువెక్కలేదు. ఆ సంగతి ఆమెకి కాటా కంటే ముందే తెలుసు.

* * *

రెండు నెలల క్రితం మొదలైంది. పడిందీ లేదు, దెబ్బ తగిలిందీ లేదు. రిహార్సల్ అయ్యాక భుజం బయటివైపు, పైచేతి మీదుగా సన్నటి సలుపు. నిద్ర చాలక అనుకుంది. తర్వాత పై అర మీదున్న డబ్బా అందుకోబోతే చురుక్కుమంది. ఆ తర్వాత బట్టలు తొడుక్కుంటూ చెయ్యి వెనక్కి పెట్టబోతే కళ్లలో నీళ్లు తిరిగాయి. కుడివైపు తిరిగి పడుకుంటే నొప్పికి మెలకువ వచ్చేసేది. చెయ్యి తిప్పితే లోపల ఏదో కటకటమనేది. చివరికి నిండు కెటిల్ ఎత్తడానికి కూడా చేతిలో సత్తువ లేకుండాపోయింది.

వేరే ఎవరైనా అయితే డాక్టరు దగ్గరికి పరిగెత్తేవాళ్లు. ఆమె మాత్రం ఎవరికీ చెప్పలేదు. భయం. ఒట్టి భయం కాదు, రోజూ పొద్దున్నే ఎదురుగా కూర్చోబెట్టుకుని చూసే భయం.

వాళ్లమ్మ కర్టెన్ల షాపులో పనిచేసేది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా నిచ్చెనెక్కి, చేతులు పైకెత్తి, కర్టెన్లు తగిలించడం, దించడం. పద్నాలుగేళ్లు చేసింది. కూతురికి పదేళ్లప్పుడు ఒకరోజు అమ్మ తల దువ్వుకుంటూ ఉండగా దువ్వెన చేతిలోంచి జారి కింద పడింది. మళ్లీ ఎత్తబోతే చెయ్యి రాలేదు. అంతే, ఆ చెయ్యి ఇవాళ్టికీ గుండెల కంటే పైకి లేవదు. షాపు పోయింది. నవ్వు సగం పోయింది. అప్పట్నుంచి రోజూ పొద్దున అమ్మకి జడవేసేది కూతురే.

"నువ్వు అత్తారింటికి వెళ్తే నా జుట్టు గతేంటే?" అని అమ్మ వేళాకోళమాడుతుంది. కూతురూ నవ్వేది. ఈమధ్య నవ్వడం మానేసి, ఎడమచేత్తో దువ్వడం నేర్చుకుంది. అమ్మ వెనక్కి తిరిగి ఉంటుంది కాబట్టి కనిపెట్టదని ఆమె ధీమా.

ఆమె గదిలో బీరువా తలుపు లోపలివైపు పెన్సిల్ గీతలున్నాయి. రోజూ పొద్దున తలుపు పక్కన నిలబడి చెయ్యి మెల్లగా పైకెత్తుతుంది. ఎక్కడ నొప్పి మొదలైతే అక్కడ గీత. మొదటి గీత కంటి ఎత్తులో ఉంది. తర్వాతది గడ్డం దగ్గర. నిన్నటి గీత భుజం కంటే కిందికి దిగింది. పిల్లలు ఎదుగుతుంటే గోడ మీద గీతలు పైకి పోతాయి. ఈ గీతలు కిందికి దిగుతున్నాయి. వాటిని చూస్తే ఆమెకి చెమటలు పట్టేవి. అయినా పొద్దున్నే చూడకుండా ఉండలేకపోయేది.

నాటకం మొదటి ప్రదర్శనకి ఐదు వారాలుంది. చెయ్యి లేవదని తెలిస్తే కొంగ పోతుంది. కొంగ పోతే కొంగమ్మ ఎవరు?

అందుకని నింద కొంగ మీద వేసింది.

* * *

మర్నాడు కొంగ తొమ్మిది వందల పది గ్రాములకి దిగింది. "ఇప్పుడు బావుంది" అంది ఆమె. రెండు రోజులకి, "మళ్లీ బరువెక్కింది" అంది.

పిట్ట రెక్కలు తొలిచాడు. ఎనిమిది వందల నలభై. "బావుంది." మళ్లీ రెండు రోజులకి అదే మాట.

అతను జోకులు మానేశాడు. రిహార్సల్ జరుగుతున్నంతసేపూ ముందు వరసలో కూర్చుని చిన్న నోటుబుక్కులో ఏదో రాసుకునేవాడు. తెర సందులోంచి అది చూసినప్పుడల్లా ఆమె పైప్రాణాలు పైనే పోయేవి. 'నా తప్పులే రాస్తున్నాడు, మావయ్యకి చూపిస్తాడు' అనుకునేది. మావయ్యంటే నాటకాలు రాసి, ఆడించే పెద్దాయన. వరస ఎవరికీ తెలీదు గానీ అందరికీ ఆయన మావయ్యే.

ఒకరోజు సాయంత్రం వాన పట్టుకుంది. వర్క్‌షాపు బయట చూరు రేకు కింద ఇద్దరే ఇరుక్కుపోయారు. పిట్ట గొడుగు తీశాడు. తీరా చూస్తే దాన్ని కొంగ మీద పట్టాడు.

"బావుంది! నేను తడిస్తే పర్లేదా?"

"మీరు ఉబ్బరండీ. చెక్క ఉబ్బుతుంది."

"మర్యాద కూడా ఉండాలి మనిషికి."

"ఉంది. ఇదిగో." గొడుగు ఆమెకిచ్చేసి, కొంగని చొక్కాలో దోపుకున్నాడు. కొంగ తల అతని గడ్డం కింద నుంచి తొంగిచూస్తోంది. ఆమెకి నవ్వాగలేదు. చాలా రోజుల తర్వాత కడుపారా నవ్వింది. అతను ఆ నవ్వునే చూస్తూ నిలబడి, వాన నీళ్లు చెవిలో పడుతున్నా పక్కకి జరగడం మర్చిపోయాడు.

"మీరు ఎడమచేతి వాటమా?" అన్నాడు ఉన్నట్టుండి.

ఆమె నవ్వు ఠక్కున ఆగిపోయింది. గొడుగు ఎడమచేతిలో ఉంది.

"అవును."

"ఎప్పట్నుంచి?"

"పుట్టినప్పట్నుంచి."

"మొన్న రిజిస్టర్లో కుడిచేత్తో సంతకం పెట్టారే?"

"రెండూ వాటమే నాకు. ఏం, ప్రతిదీ చూస్తుంటారా మీరు?"

"ప్రతిదీ కాదండీ" అన్నాడు మెల్లగా. చెవులు ఎర్రబడ్డాయి. "కొన్నే."

ఇంకోసారైతే ఆ మాటకి ఆమె వారం రోజులు నేల మీద నడిచేది కాదు. ఆ సాయంత్రం మాత్రం గొడుగు అతని చేతిలో కుక్కేసి, వానలో పడి ఇంటికి పరిగెత్తింది. చూసే కళ్లంటేనే భయం అప్పుడు ఆమెకి.

* * *

ప్రదర్శన మూడు వారాల్లో ఉందనగా అది జరిగింది.

నాటకంలో దారి తప్పిన కొంగ చెరువులోంచి నెమ్మదిగా పైకి లేచే సీను ఉంది. కర్రని గుండెల దగ్గర్నుంచి మొదలుపెట్టి తల పైదాకా, అరనిమిషం పాటు అంగుళం అంగుళం ఎత్తుకుపోవాలి. ఆ రోజు సగం దూరం లేచేసరికి భుజంలో నిప్పు పెట్టినట్టయింది. చెయ్యి గజగజ వణికింది. కొంగ పక్కకి ఒరిగి, అట్టచెట్టుకి కొట్టుకుంది. ఏడు వందల గ్రాముల దాకా తొలిచి తొలిచి గుల్లైపోయిన మెడ పుటుక్కున విరిగింది. తల తెర దాటి ఎగిరి, ముందు వరసలో పిట్ట కాళ్ల దగ్గర పడింది.



"ఇదేం పనయ్యా?" మావయ్య గొంతు హాలు దద్దరిల్లేలా లేచింది. "బొమ్మా ఇది? అప్పడమా? మొదటి ఆటలో పిల్లల ముందు తల తెగిపడితే?"

ఆమె తెర వెనకే ఉంది. బయటికొచ్చి ఒక్క మాట చెప్తే చాలు. ఆమె తెర గుడ్డ పట్టుకుని అక్కడే ఉండిపోయింది.

"నాదే తప్పు మావయ్యా" అన్నాడు పిట్ట. "ఎక్కువ తొలిచేశాను."

"ఈ నాటకం దాకా ఉండు. తర్వాత బొమ్మలు బయట చేయించుకుంటా."

కొంగ తల తీసుకుని అతను బయటికి వెళ్తున్న అడుగుల చప్పుడు ఆమెకి వినపడింది. తెర వెనక ఉంటే ఎవరి ముఖమూ చూడక్కర్లేదు. ఏడేళ్లలో మొదటిసారి ఆ సౌకర్యం వాడుకున్నందుకు ఆమెకి తన మీద తనకే అసహ్యం వేసింది.

* * *

గంటసేపు గింజుకుని, చివరికి వర్క్‌షాపుకి వెళ్లింది. అతను కొంగ మెడ విరిగిన చోట వేలితో తడుముతున్నాడు.

"మీకో సంగతి చెప్పాలి..." అని మొదలెట్టి నీళ్లు నమిలింది.

"కూర్చోండి. ముందు నేనొకటి చూపిస్తా."

నోటుబుక్కు ఆమె ముందు పెట్టాడు. భయంభయంగా తెరిచింది. ఆమె తప్పుల చిట్టా లేదు అందులో. ప్రతి పేజీలోనూ కొంగ బొమ్మ గీసి ఉంది, పక్కన తేదీ, సీను. కొన్ని కొంగలు పైకి చూస్తున్నాయి. కొన్ని తల దించుకున్నాయి.

"మీరు వెనక ఉంటారు, దాని ముఖం మీకు కనపడదు. వెనకాల పిల్లలకి కూడా ముఖం కనపడాలంటే కొంగ చివరి వరస చూడాలి కదా. కొన్నిచోట్ల నేల చూస్తోంది. ఎక్కడెక్కడో రాశాను. కింద ఉన్నప్పుడు బానే ఉంటుంది. పూర్తిగా పైకెళ్లాక కూడా బానే ఉంటుంది. మీ భుజం ఎత్తు నుంచి తల ఎత్తుకి వచ్చేలోపు, ఆ మధ్యలోనే తల దించేస్తుంది. ప్రతిసారీ అక్కడే."

ఆమె పేజీ తిప్పింది, అక్కడా కొంగ తల దించుకునే ఉంది.

"నేను మొద్దుని. నాలుగుసార్లు తొలిచాకగానీ వెలగలేదు. బరువనేది అంతటా బరువే ఉండాలి కదండీ? మధ్యలో మాత్రమే బరువెక్కి, పైకెళ్లాక తేలికయ్యే చెక్క లోకంలో లేదు." అతను ఆగి, గొంతు తగ్గించాడు. "నొప్పి ఎప్పట్నుంచి?"

అంతే. కట్ట తెగింది. రెండు నెలలుగా దాచిందంతా ఏడుపుతో కలిసి బయటికొచ్చింది. పెన్సిల్ గీతలూ, అమ్మ దువ్వెనా, కర్టెన్లూ, అన్నీ. మధ్యలో "మీరు మాట పడుతుంటే నోరు మూసుకు నిలబడ్డాను" అని మూడుసార్లు చెప్పింది.

"విన్నాను. అది తర్వాత తిట్టుకుందాం" అన్నాడతను. "ముందు డాక్టరు."

"వద్దు! డాక్టరు చెయ్యి పోయిందంటే?"

"చెప్పకపోతే ఉంటుందా?"

ఆమె కళ్లు తుడుచుకుని తలూపింది.

* * *

నాలుగు రోజుల తర్వాత, ఆస్పత్రికి వెళ్లాల్సిన పొద్దున అమ్మకి జడవేస్తూ, ఆ మాట ఎలా ఎత్తాలా అని తంటాలు పడుతోంది.

"ఎడమచేత్తో జడ వదులుగా వస్తోందే" అంది అమ్మ, వెనక్కి తిరక్కుండానే.

దువ్వెన ఆమె చేతిలో ఆగిపోయింది.

"బీరువాలో గీతలు కూడా చూశాను. నువ్వే చెప్తావని ఆగాను. ఆగడం నాకున్న రోగమేగా." అమ్మ బిగుసుకున్న చేతిని ఒళ్లోకి లాక్కుంది. "నీకెప్పుడూ చెప్పలేదు. నా చెయ్యి కర్టెన్ల వల్ల పోలేదే. కర్టెన్ల వల్ల నొప్పొచ్చిందంతే. డాక్టరు కోసేస్తాడేమోనని బెదిరిపోయి, ఎనిమిది నెలలు గుడ్డతో గుండెలకి కట్టేసుకున్నా. కదిపితే పోతుందని కదపలేదు. కదపకపోవడం వల్ల బిగుసుకుపోయింది. చెయ్యి పోలేదు తల్లీ, భయపడి నేనే పోగొట్టుకున్నా."

కూతురు వెనక నుంచి అమ్మ మెడ చుట్టూ చేతులు వేసింది. కుడిచెయ్యి సగం దాకానే వచ్చింది. మిగతా సగం అమ్మే దగ్గరికి లాక్కుంది.

ఆస్పత్రి వరండాలో పిట్ట అప్పటికే కూర్చుని ఉన్నాడు. స్కానింగ్ అయింది. రిపోర్టు కోసం ముగ్గురూ బల్ల మీద ఎదురుచూస్తున్నారు. పిలిచే ప్రతి నంబరుకీ ఆమె ఉలిక్కిపడుతోంది. కాసేపటికి అమ్మ మంచినీళ్ల వంక పెట్టుకుని లేచి వెళ్లింది. పోయినావిడ ఎంతకీ తిరిగి రాలేదు, అంత దాహం.

"రేపు నేను తల దువ్వుకోలేకపోతే?" అంది ఆమె, నేల వైపు చూస్తూ. "అమ్మకి నేనున్నాను. నాకెవరున్నారు?"

పిట్ట గొంతు సవరించుకున్నాడు. "కొంగకి జుట్టు లేదు. కానీ షెల్ఫులో రాణి బొమ్మకి ఉంది, నడుం దాకా ఊలు జుట్టు. మీరు వర్క్‌షాపుకొచ్చి ఏడ్చిన రోజు నుంచీ దాని మీద ప్రాక్టీస్ చేస్తున్నా. మూడు పాయలు వచ్చేసింది. నాలుగు పాయలే చిక్కుపడుతోంది."

ఆమె తలెత్తి చూసింది. అతను పొరపాటున కూడా నవ్వడం లేదు.

"అంటే ఏంటి అర్థం?"

"అర్థం అదే. నాకు మిమ్మల్ని చూడాలని ఉంటుంది. రోజూ. కొంగ లేకపోయినా."

సరిగ్గా అప్పుడే లోపల్నుంచి పిలిచారు. పిలవకపోతే ఆమె ఏం చెప్పేదో ఆమెకే తెలీదు.

ఆ పిలుపుకి అమ్మ ఎక్కణ్ణుంచో ప్రత్యక్షమైంది, ముగ్గురూ లోపలికెళ్లారు. డాక్టరమ్మ నిదానమైన మనిషి. ఆమె చేతిని పట్టుకుని పక్కకి లేపింది, తిప్పింది, అరచేత్తో కిందికి అదిమి "ఆపు చూద్దాం" అంది. తర్వాత కంప్యూటర్ తెర మీద ఒక బూడిద రంగు చారని చూపించింది.

"భుజం కీలు చుట్టూ నాలుగు కండరాలుంటాయి. వాటిని ఎముకకి కట్టి ఉంచే తాళ్లలాంటివే టెండాన్లు. అవన్నీ చొక్కా చేతి కఫ్ లాగా కీలుని చుట్టుకుని ఉంటాయి, అందుకే రొటేటర్ కఫ్ అంటాం. ఏళ్ల తరబడి చెయ్యి తల పైకెత్తి పనిచేస్తే, పైనున్న ఎముకకీ కింది ఎముకకీ మధ్య అది రాసుకుని రాసుకుని పీచు లేస్తుంది. సున్నాలు వేసేవాళ్లకీ, బంతి విసిరేవాళ్లకీ, ఈదేవాళ్లకీ ఎక్కువ. వయసు మీదపడినా వస్తుంది, కింద పడితే ఒక్కసారిగా తెగిపోవచ్చు. మీకు సగం మందం చిరిగింది. పూర్తిగా తెగలేదు."

"మధ్యలోనే నొప్పి ఎందుకు?"

"ఆ మధ్యలోనే కదా అది నలిగేది. పైకెళ్లాక సందు దొరుకుతుంది. ఇంత కచ్చితంగా ఎవరు గమనించారు?"

ఆమె, వాళ్లమ్మా ఒకేసారి పిట్ట వైపు చూశారు. అతను గోడ మీది క్యాలెండరు చదవడంలో మునిగిపోయాడు.

"ఆపరేషనా?" అని అమ్మ అడిగింది.

"ఇప్పుడు కాదు. మూడు నెలలు చెయ్యి పైకెత్తే పని బంద్. అలాగని కట్టేసుకోకూడదు, బిగుసుకుపోతుంది. రోజూ ఎక్సర్‌సైజులు. గోడ మీద వేళ్లతో పైకి పాకించాలి, రబ్బరు పట్టీ లాగాలి. చాలామందికి దీంతోనే తగ్గుతుంది. తగ్గకపోతే అప్పుడు చూద్దాం. మాటివ్వలేను."

చివరి మాట ఆమె గుండెల్లో ముల్లులా దిగింది.

* * *

మర్నాడు రిహార్సల్‌కి ముందు ఆమె తెర బయట, అందరి ఎదురుగా నిలబడింది. 

"మావయ్యా, కొంగ ఎప్పుడూ బరువెక్కలేదు. నా భుజం చిరిగింది. దాచిపెట్టి చెక్క మీద నెట్టాను. ఆయన నా అబద్ధాన్ని నమ్మి తొలిచాడు. తీసేస్తే నన్ను తీసెయ్యండి."

 మావయ్య కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"చేతులెత్తించి పనిచేయించేవాణ్ణి, ఎప్పుడైనా ఒక్కసారి 'నొప్పిగా ఉందా అమ్మడూ' అని అడిగానా? నన్నెవరు తీసెయ్యాలి?" అన్నాడు. ఆ వెంటనే ఎప్పటి గొంతు తెచ్చుకున్నాడు. "మూడు నెలలు ముందు వరసలో కూర్చుని ఆ ఆటంతా వేరేవాళ్లకి నేర్పు. ఒరేయ్ పిట్టా, నువ్వెక్కడికీ పోవద్దు. గట్టి మెడ చెక్కు. చెక్కాక నువ్వే ఆడించు. దాని లెక్కలన్నీ నీ బుక్కులోనే ఉన్నాయిగా!"

ఏడేళ్లలో మొదటిసారి ఆమె ఆడుతున్న కొంగని ముందు నుంచి చూసింది. ఎంత బావుందో! కళ్ల చుట్టూ ఉన్న సన్నటి పసుపు గీత స్టేజీ లైట్లలో అంతలా మెరుస్తుందని ఆమెకి ఇన్నాళ్లూ తెలీనే తెలీదు. పిట్ట చేతిలో ఆ కొంగ మొదట్లో బాతులా నడిచింది. చెరువులోంచి లేవమంటే నూతిలోంచి తోడినట్టు లేచింది.

"మెల్లగా! అది కొంగ, బకెట్టు కాదు!" అని ముందు వరసలోంచి ఆమె అరుపు.

"బకెట్టే నయం, తిరిగి అరవదు!" అని తెర వెనక నుంచి జవాబు.

ప్రదర్శన రోజు కొంగ ఒక్కసారే చెట్టుకి కొట్టుకుంది. మెడ విరగలేదు. పిల్లలు చప్పట్లు కొట్టారు. అందరూ వెళ్లిపోయాక అతను చెమటలు తుడుచుకుంటూ వచ్చి పక్క కుర్చీలో కూలబడ్డాడు.

"ఆస్పత్రిలో అడిగినదానికి జవాబు రాలేదు."

"చెయ్యి సంగతి తేలాక చెప్తా."

"నేనడిగింది చెయ్యి కాదుగా?"

"బాగవకపోతే? జన్మంతా నాకు జడలేసుకుంటూ కూర్చుంటారా?" ఆమె చూపు ఖాళీ స్టేజీ మీదికి మళ్లింది. "మా అమ్మని చూశాను. నాకు భయం."

అతను ఇంకేం అడగలేదు. కానీ రోజూ పొద్దున ఆమె ఫోన్‌కి ఒక ఫొటో వచ్చేది. రాణి బొమ్మ, కొత్త జడతో. నాలుగు పాయలు, ఐదు పాయలు. ఒకరోజు కోతి తోకకి కూడా జడ వేసి పంపించాడు.

ఆమె గోడ మీద వేళ్లు పాకించింది. మొదటి రెండు వారాలు గీత కదల్లేదు. పక్క మీద వాలితే చాలు, 'మాటివ్వలేను' అన్న మాటే చెవుల్లో. మూడో వారం గీత ఒక వేలెడు పైకి పోయింది. ఐదో వారం మళ్లీ కిందికి జారింది, ఆ రోజు అన్నం ముట్టలేదు. అమ్మ పక్కనే నిలబడి, తన బిగుసుకున్న చెయ్యి కూడా గోడకి ఆనించి, "పద, పందెం" అనేది. పన్నెండో వారానికి గీత కళ్లు దాటింది. అమ్మది కూడా జానెడు పెరిగింది.

* * *

డాక్టరమ్మ "బొమ్మ ఎత్తి చూడండి, నొప్పొస్తే ఆపెయ్యండి" అన్న రోజు మధ్యాహ్నం, ఆమె ఒంటరిగా ఖాళీ హాల్లోకి వచ్చి తెర వెనక నిలబడింది. పక్కనే స్టూలు మీద, కాటా పక్కన కొంగ సిద్ధంగా ఉంది. తొమ్మిది వందల ఎనభై గ్రాములు, చీటీ కూడా అంటించి ఉంది.

కొంగని గుండెల దగ్గర పట్టుకుంది.  మధ్యలో ఆ జాగా ఉంది. అక్కడేం జరుగుతుందో డాక్టరుకీ తెలీదు, ఆమెకీ తెలీదు.

"ఉన్నారా?" అని పిలిచింది.

"ఉన్నా." హాల్లో ఎక్కణ్ణుంచో అతని గొంతు. చీకట్లో ఎప్పుడొచ్చి కూర్చున్నాడో.

"ఎత్తకముందే ఒక మాట. ఎత్తాక చెప్తే అది చెయ్యి చెప్పిన జవాబవుతుంది." కర్రని ఇంకా గట్టిగా పట్టుకుంది. "సరే. నాకిష్టమే. ఇది లేచినా, లేవకపోయినా. భయం పోలేదు. భయంతోనే చెప్తున్నా. విన్నావా?"

 చీకట్లో ఒక కుర్చీ కిర్రుమంది.

"'మీరు' మానేసి 'నువ్వు'లోకొచ్చావు" అన్నాడతను, మాట తడబడుతూ. "విన్నా."

"మా అమ్మ అప్పుడే జుట్టు విరబోసుకుని కూర్చుంది, నీ పనితనం చూడాలంట."

"ఐదు పాయలు వేస్తానని చెప్పు."

ఆమె ఊపిరి తీసుకుని కర్రని ఎత్తడం మొదలుపెట్టింది.  గుండెలు దాటింది. భుజం ఎత్తుకి వచ్చింది. కళ్లు గట్టిగా మూసుకుంది. ఇక్కడే. ఇక్కడే నిప్పు రాజుకునేది. భుజంలో ఏదో సన్నగా గుంజింది, పాత గాయం గుర్తుచేసినట్టు. గుంజి వదిలేసింది. కర్ర కదులుతూనే ఉంది. నుదురు, తల, తెర అంచు. తలపైకి చాచిన చెయ్యి నిలబడింది.

కన్నీళ్లు చెంపల మీదుగా మెడలోకి కారుతున్నాయి. తుడుచుకోవడానికి చెయ్యి దించబుద్ధి కాలేదు.

"పిట్టా, ఎక్కడ చూస్తోంది?"

"నన్నే."

"అబద్ధం! కొంగ చివరి వరస చూడాలి."

"తెలుసు" అన్నాడతను. గొంతు దూరం నుంచి, హాలు చిట్టచివర నుంచి వస్తోందని ఆమెకి అప్పుడు తెలిసింది. "అందుకే చివరి వరసలో కూర్చున్నా."